గోళ్ళరంగు గీత

వాన వస్తే ఎవరైనా గొడుగు తెచ్చుకుంటారు. నెరేదా డ్రైవ్ షాఫ్ట్ తెచ్చుకుంది.

తన భుజమెత్తు ఇనప గొట్టాన్ని కావడిబద్దలా మోసుకుంటూ, నిలువెల్లా తడిసి, ఎఫ్రాయిన్ షాపులోకి వచ్చి దాన్ని బల్ల మీద ధడేలుమని పడేసింది. బల్ల మీదున్న కాఫీ కప్పు ఎగిరి అతని ఒళ్ళో పడింది. మా సలీనాస్ ఊళ్ళో ప్రేమలు మామూలుగా సముద్రం ఒడ్డున మొదలవుతాయి. ఈ ఒక్కటి మాత్రం ఒళ్ళు కాలి మొదలైంది.

"ఇది చేసింది నువ్వేనా?"

"అది నా కాఫీ అండీ," అన్నాడు ఎఫ్రాయిన్ చొక్కా దులుపుకుంటూ.

"నేనడిగింది కాఫీ సంగతి కాదు. దీని సంగతి."

అతను గొట్టం వైపు చూశాడు. ముందున్న ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు మోసుకుపోవాల్సిన గొట్టం అది. ఇప్పుడు పిండిన తువాలులా మెలి తిరిగి ఉంది.

"ఇది మా మావయ్య చేతి వెల్డింగ్. ఆయన షాపు నాకప్పగించి చేపలు పట్టుకుంటున్నాడు."

"అయితే ఆయన బదులు నువ్వు చెప్పు. ఎందుకిలా అయింది?"

"ఇది చేయించినప్పుడు మీ కారులో ఎంత హార్స్ పవర్ ఉండేది?"

"ఆరొందలు."

"మరి ఇప్పుడు?"

నెరేదా ఓసారి పైకప్పు వంక చూసింది. "పన్నెండొందలు."

"మరి మా మావయ్య మీద అరుస్తారేంటి? గాడిద మీద ఏనుగు బరువేసింది మీరు!"

తప్పు తనదని తెలిశాక ఇంకా గట్టిగా అరిచేవాళ్ళు కొందరుంటారు. నవ్వేసేవాళ్ళు కొందరుంటారు. నెరేదా రెండూ చేసింది. ముందు నవ్వి, తర్వాత అరిచింది.

"సరే, కొత్తది చెయ్యి. నాకు కార్బన్ ఫైబర్ కావాలి. మా నాన్నకు స్టీలే కావాలి. ఏం చేస్తావో నాకు తెలీదు."

"అల్యూమినియం అని మూడోది కూడా ఉందండీ."

"నిన్నెవరడిగారు?"

అలా మొదటి రోజే ఎఫ్రాయిన్ అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఆ అడకత్తెరకి రెండో రెక్క ఎవరో మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాక తెలిసింది.

ఊరంతా దోన్ క్రిస్పీన్ అని గౌరవంగా పిలిచే నెరేదా నాన్న ఒకప్పుడు ఈ దక్షిణ తీరంలోకెల్లా వేగంగా కారు నడిపినవాడు. ఒక రేసులో, కారు మంచి ఊపులో ఉండగా షాఫ్ట్ తెగింది. తెగిన గొట్టం కారు అడుగుని చీల్చుకుని లోపలికొచ్చి ఆయన కుడికాలు విరిచింది. అప్పటినుంచి ఆయన చేతిలో కర్ర, మనసులో ఒకే మాట. 'ఆ రోజు గొట్టం ఇంకాస్త మందంగా ఉంటే బాగుండేది.' కారు కూతురికిచ్చాడు. తాళం మాత్రం తన చొక్కా జేబులోనే పెట్టుకున్నాడు.

నెరేదా వరండాలోకి రాగానే, "దీవించు నాన్నా," అంది.

"దేవుడు దీవించుగాక, తల్లీ. తాళం మాత్రం ఇవ్వను."

"నేనింకా అడగలేదు!"

"అడుగుతావుగా. నాకు నచ్చిన షాఫ్ట్ పడేదాకా ఆ కారు పెద్ద రేసుకి పోదు. అంతే." ఆయన ఎఫ్రాయిన్ వైపు తిరిగాడు. "ఏమబ్బాయ్, నువ్వు చెప్పు. స్టీలేగా?"

"ముందు కొలవనివ్వండి, దోన్ క్రిస్పీన్."

కారు వాళ్ళ షెడ్డులో జాకీల మీద గాల్లో ఉంది. తాత కాలం నాటి చిన్న కొరోల్లా. చూస్తే పొద్దున రొట్టెలు తెచ్చుకోవడానికి వెళ్ళే బండిలా ఉంటుంది. బానెట్ ఎత్తితే లోపల రోటరీ ఇంజిన్. తలుచుకుంటే నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంది.

"కారు కిందికి దించండి. చక్రాలు నేల మీద ఉన్నప్పుడే కొలత తీయాలి," అన్నాడు ఎఫ్రాయిన్. "మీరు వెళ్ళి సీట్లో కూర్చోండి."

"నేనెందుకు?"

"మీ బరువు కూడా లెక్కలోకి రావాలి కదా."

"అంటే నేను లావంటావా?"

"అయ్యో, నేనట్లా అనలేదు."

"నా బరువుకి కారు కుంగిపోతుందంటున్నావ్!"

"ఎవరు కూర్చున్నా కుంగుతుందండీ! కొలత మారుతుంది!"

"ఇందాకే అల్కపూరియా వేపుళ్ళు తిన్నాను. అవి కూడా రాసుకో," అని విసవిసా వెళ్ళి సీట్లో కూర్చుంది. కారు కింద దూరిన ఎఫ్రాయిన్‌కి పైనుంచి ఆమె నవ్వు వినిపించింది. ఏడిపిస్తోందని అప్పుడు గానీ అర్థం కాలేదు ఆ అమాయకుడికి.

బయటికొచ్చాక షెడ్డులో ఉన్న తాడు తీసుకుని ఒక కొస ఆమెకిచ్చాడు. "తిప్పండి."

చిన్నపిల్లల తాడాటలా ఇద్దరూ చెరో కొస పట్టుకుని తిప్పారు. తాడు మధ్యలో బాన కడుపులా ఉబ్బింది.

"పొడుగాటి గొట్టాన్ని మరీ వేగంగా తిప్పితే ఇదే జరుగుతుంది. మీ గేర్‌బాక్స్ ముందుకి జరిపారు కాబట్టి మీ షాఫ్ట్ పొడుగు. ఇంజిన్ తిరుగుడేమో మరీ ఎక్కువ. స్టీల్ గొట్టం మధ్యలో వంగుతుంది. మందం పెంచినా బరువు పెరుగుతుందే గానీ ఆ వంపు తగ్గదు. అల్యూమినియమైతే లావు గొట్టం పెట్టాలి. మీకు కింద అంత చోటు లేదు. కార్బన్ ఫైబర్ తేలిక, బిగువెక్కువ. అంత తొందరగా వంగదు."

"అంటే నేను చెప్పిందే కరెక్టు."

"మీరు చెప్పిన కారణం కాదు."

"నేనసలు కారణమే చెప్పలేదు!"

"అదే అంటున్నా."

తాడు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపాలని ఇద్దరికీ తోచలేదు. వరండాలోంచి దోన్ క్రిస్పీన్ దగ్గాక గానీ ఆపలేదు.

కథ ఇక్కడితో తిన్నగా సాగిపోవాల్సింది. కానీ ఆ శనివారం నెరేదా ఎవరిదో షాఫ్ట్ అరువు తెచ్చి బిగించి, నాన్న పక్కనుండగా, ఇంజిన్ బలం సగానికి తగ్గించి ట్రాక్ మీద ఒక్కసారి ఊరికే నడిపి చూసుకుంది. ఎఫ్రాయిన్ కంచె దగ్గర నిలబడి చూశాడు. పచ్చలైటు వెలగ్గానే కారు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. సగం బలానికే. కారు కళ్ళముందునుంచి మాయమయ్యాక కూడా అతను కంచె వదల్లేదు. వేళ్ళు తీగల్లో ఇరుక్కుపోయాయి.

ఆ వారమంతా షాపులో వెల్డింగ్ వెలుగులే. వారం చివర నెరేదా వచ్చేసరికి బల్ల మీద కొత్త షాఫ్ట్ నిగనిగలాడుతోంది. స్టీల్. మామూలుది కాదు, మందం రెట్టింపు.

నెరేదా దాన్ని రెండు చేతులతో ఎత్తబోయింది. ఎత్తలేక వదిలేసింది.

"ఏంటిది?"

"షాఫ్ట్."

"నాకు కళ్ళున్నాయి. తాడాట నేర్పింది నువ్వేగా? మందం పెంచితే బరువే పెరుగుతుందన్నది నువ్వేగా?"

"ఇది తెగదు, నెరేదా."

మొదటిసారి 'మీరు' పోయింది. ఆమె అది గమనించింది. కానీ ఆ సంతోషాన్ని కోపం మింగేసింది.

"తెగదా? అంత గట్టిగా చెప్పగలవా?"

అతను గొట్టం మీది వెల్డింగ్ అతుకు వంక చూశాడు.

"తెగితే ఇంత బరువు గొట్టం నన్నేం చేస్తుందో ఆలోచించావా? మా నాన్న కాలు చూశావుగా? ఇది నా కారుకి చేశావా, నీ భయానికి చేశావా?"

"నువ్వు వెళ్తుంటే చూశాను. నాకు..."

"నా కోసం భయపడేవాడు ఇంట్లో ఒకడున్నాడు. చాలు. నాకు షాఫ్ట్ చేసేవాడు కావాలి."

వెళ్ళిపోయింది. వాన కూడా లేదు, కనీసం వాన తగ్గేదాకా ఉండమనడానికి. ఎఫ్రాయిన్ ఆ లావు గొట్టం ముందు కూర్చుండిపోయాడు. ఆ అమ్మాయి అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పులేదని అతనికి తెలుసు. అదే పెద్ద బాధ. తప్పు మాటంటే కనీసం తిట్టుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే షాపు తలుపులు మూసి, కార్బన్ ఫైబర్ గొట్టం కోసి, రెండు కొసలకీ లోహపు తలకాయలు అతికించాడు. ఆ పని చేసేటప్పుడు రేడియో కూడా పెట్టుకోలేదు. జిగురు ఎంత వేడికి ఆరాలో అంత వేడిలో, ఎంతసేపు ఆరాలో అంతసేపు ఆరబెట్టాడు. తర్వాత దోన్ క్రిస్పీన్ ఇంటికి వెళ్ళి, "ఒక్కసారి షాపుకి రండి. మీకు నచ్చకపోతే మళ్ళీ మీ గడప తొక్కను," అన్నాడు.

దోన్ క్రిస్పీన్ కర్ర ఊపుకుంటూ వచ్చాడు. వెనకాలే మూతి ముడుచుకుని నెరేదా.

షాపు మూల ఇనప పంజరంలో, గొట్టాలని మెలిపెట్టి చూసే సరంజామా ఉంది. ఎఫ్రాయిన్ ముందు ఒక స్టీల్ ముక్క బిగించి జాకీ కొట్టడం మొదలెట్టాడు. గొట్టం మెలి తిరిగింది, ఇంకా తిరిగింది, తర్వాత ఢామ్మని తెగి పంజరానికి గుద్దుకుంది. దోన్ క్రిస్పీన్ చెయ్యి తనకి తెలియకుండానే కుడికాలి మీదికి పోయింది.

తర్వాత కోయగా మిగిలిన కార్బన్ ముక్క బిగించాడు. చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత చిటపటమని చప్పుడు, పోగులు పోగులుగా విడిపోయి ఆగిపోయింది.

దోన్ క్రిస్పీన్ పంజరంలోకి చెయ్యిపెట్టి ఆ ముక్క తీసి చూశాడు.

"చీపురు," అన్నాడు.

"అవునండీ. ఏదైనా తెగొచ్చు. తెగదని నేను మాటివ్వలేను. తెగితే చీపురయ్యేదాన్ని మాత్రం ఇవ్వగలను."

ఆ మాటకి నెరేదా ముడుచుకున్న మూతి విచ్చుకుంది. ముసలాయన ఆ ముక్కని వెలుతురులోకి తిప్పి చూశాడు. ఇన్నేళ్ళ 'ఇంకాస్త మందం' ఆయన చేతిలో పోగులై వేలాడుతోంది.

"సరే," అన్నాడు చివరికి. "కానీ జిగురంటే నాకు నమ్మకం లేదు. గొట్టం మీంచి అతుకు దాటి తలకాయ మీదికి తిన్నగా గీత గీయి. ప్రతి పరుగు తర్వాత నేను చూస్తా. అతుకు దగ్గర గీత వెంట్రుకంత పక్కకి జరిగినా తాళం నా జేబులోకే."

రేసుకి ముందురోజు మధ్యాహ్నం రేకుల షెడ్డు మీద వాన వాయించేస్తోంది. కారు కింద ఇద్దరు. షాఫ్ట్ బిగించడమైంది. గీత గీయడానికి తెచ్చిన రంగు పెన్ను ఎండిపోయింది.

"ఇదిగో," అని నెరేదా చేతిసంచీలోంచి గోళ్ళరంగు తీసింది. పగడపు రంగు. "వానకి పోదు, వేడికి పోదు. గ్యారంటీ."

ఆమె టార్చిలైటు పట్టుకుంది. అతను చిన్న కుంచెతో గొట్టం మీద గీత మొదలెట్టాడు. గీత తాడు పట్టి కొట్టినట్టు వస్తోంది. అతుకు దగ్గరికొచ్చింది.

"ఎఫ్రాయిన్."

"ఊఁ."

"ఆ రోజు మరీ ఎక్కువ అన్నాను."

"ఎక్కువేం అనలేదు. సరిగ్గానే అన్నావు."

"నీ ముక్కు మీద గ్రీజుంది," అని ఆమె చొక్కా చేతి అంచుతో అతని ముక్కు తుడిచింది. నింపాదిగా తుడిచింది. అంత గ్రీజు కూడా లేదు అక్కడ.

కుంచె ఎటు పోయిందో అతనికి తెలీదు. గీత చివరిదాకా లాగాడని మాత్రం గుర్తు. సరిచూద్దామనుకునేలోపు టక్, టక్ అని కర్ర చప్పుడు. ఎఫ్రాయిన్ దొర్లుకుంటూ బయటికొచ్చి బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు.

"గీశావా?" అన్నాడు దోన్ క్రిస్పీన్.

"గీశానండీ."

"సరే, పరుగయ్యాక చూస్తా," అని ఆయన వెనక్కి తిరిగాడు.

రేసు రోజు మబ్బులు కమ్మినా చినుకు పడలేదు. ట్రాక్ చుట్టూ జనం, వేపుళ్ళ వాసన, రోటరీ ఇంజిన్ల గోల. నెరేదా హెల్మెట్ పెట్టుకుని, "దీవించు నాన్నా," అంది. ఆయన దీవించాడు. ఈసారి తాళం కూడా ఇచ్చాడు.

రెండేసి కార్లు పక్కపక్కన తిన్నగా పరుగెత్తే రేసు అది. మొదటి పోటీలో కాగ్వాస్ నుంచి వచ్చిన నీలం కారుని నెరేదా దగ్గరికి కూడా రానివ్వలేదు. ఇక ఫైనలే. కారు తిరిగొచ్చి జాకీల మీదికెక్కింది. దోన్ క్రిస్పీన్ చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కింద దూరాడు.

"ఆపండి!"

అందరూ ఉలిక్కిపడ్డారు.

"అతుకు జారింది! గీత పక్కకి తిరిగింది! ఫైనల్ లేదు, గీనల్ లేదు. కారు ట్రైలరెక్కించండి!" ఆయన బయటికొచ్చి కారులోంచి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

ఎఫ్రాయిన్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నెరేదా అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎదురుచూపు ఉంది. అవతల మైకులో ఫైనల్ కార్లని పిలుస్తున్నారు.

"అతుకు జారలేదు, దోన్ క్రిస్పీన్," అన్నాడు. "నా చెయ్యి జారింది. గీసేటప్పుడు."

"నీ చెయ్యా?"

"గోటితో తడిమి చూడండి. అతుకు జారితే దాని మీది రంగు పగిలిపోవాలి."

ముసలాయన మళ్ళీ కింద దూరాడు. వంకర ఉన్నచోట గోటితో గీకాడు, టార్చి దగ్గరగా పెట్టాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. అద్దంలా మెరుస్తున్న రంగు. పగులన్నది లేదు.

"ఆరకముందే వంకర," అంటూ బయటికొచ్చాడు. "అయితే ఇది ఇంకా ఘోరం. గీత గీయడానికే చెయ్యి జారేవాడు జిగురెలా పెట్టాడు? నువ్వు పెట్టిన అతుకు మీద నా బిడ్డని ఎలా కూర్చోబెట్టను? చెయ్యి ఎందుకు జారింది? నిజం చెప్పు."

చుట్టూ సగం సలీనాస్ మూగింది. కాగ్వాస్ వాళ్ళు కూడా వచ్చేశారు. ఎఫ్రాయిన్ చెవులు పగడపు రంగులోకి తిరిగాయి. కానీ నోరు తెరవకపోతే ఏం పోతుందో అతనికి తెలుసు. నెరేదా ఏడాదంతా ఎదురుచూసిన పరుగు పోతుంది.

"అతుకు పెట్టిన రోజు నెరేదా షాపులో లేదండీ," అన్నాడు. "గీత గీసిన రోజు పక్కనే ఉంది."

కాగ్వాస్ వాళ్ళలో ఎవరో ఈల వేశారు. ఆ వెంటనే అందరూ ఘొల్లుమన్నారు. దోన్ క్రిస్పీన్ మాత్రం నవ్వలేదు. కూతురి వైపు తిరిగాడు.

"గీత వంకరగా ఉందని నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా. టార్చి పట్టుకుంది నేనేగా."

"మరి చెరిపి మళ్ళీ గీయించలేదేం?"

నెరేదా హెల్మెట్‌ని గుండెలకి హత్తుకుంది. పన్నెండొందల గుర్రాల్ని అదుపులో పెట్టే పిల్లకి ఆ రెండు ముక్కలు అనడానికి ఎంత అవస్థో!

"చెరపబుద్ధి కాలేదు."

మైకులో రెండోసారి పిలిచారు. దోన్ క్రిస్పీన్ జేబులోంచి తాళం తీసి కూతురి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"పో. పచ్చలైటు రాకముందే తొందరపడకు."

ఫైనల్‌లో నెరేదా ఓడిపోయింది. అరెసీబో నుంచి వచ్చిన ఎర్ర కారు మూరెడు ముందుగా ముగింపు గీత దాటింది. అయితేనేం, ఆ చిన్న కొరోల్లా పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా ఎన్నడూ పరుగెత్తలేదు. ఆమె హెల్మెట్ తీసి, "వచ్చే ఏడు చూడండి మీ సంగతి!" అని ఎర్రకారు వాళ్ళతో కేకలేస్తూ దిగింది. దిగి తిన్నగా ఎఫ్రాయిన్ దగ్గరికే వచ్చి, అతని ముక్కు మీద గ్రీజు పూసింది.

దోన్ క్రిస్పీన్ అప్పటికే కారు కింద ఉన్నాడు.

"వంకర ఎంతుందో అంతే ఉంది," అని లోపల్నుంచి గొంతు వినిపించింది. "వెంట్రుకంత కూడా పెరగలేదు." బయటికి రావడానికి చెయ్యి చాచాడు. ఎఫ్రాయిన్ పరుగున వెళ్ళి పట్టుకుని లేపాడు. ముసలాయన ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. అటూ ఇటూ తిప్పి చూశాడు, గొట్టాన్ని చూసినట్టే.

"ఆదివారం భోజనానికి రా. ఆ గీత చెరిపి కొత్తది గీయి. ఈసారి కూడా వంకరపోతే చర్చి ఫాదర్‌ని పిలిపిస్తా."

"అయితే తప్పకుండా వంకరే గీస్తాడు నాన్నా," అంది నెరేదా.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. జనం టార్పాలిన్ల కిందికి పరిగెత్తుతున్నారు. ఎఫ్రాయిన్ వెళ్ళబోతూ ఆగాడు. సొంత బిడ్డలు తప్ప పరాయివాళ్ళు అడగని మాట అతని నాలుక చివరికొచ్చింది. మింగేద్దామనుకున్నాడు. మింగలేకపోయాడు.

"దీవించండి, దోన్ క్రిస్పీన్."

ముసలాయన అతన్ని తేరిపార చూశాడు. వానలో తడుస్తూ, కర్ర మీద ఆనుకుని, తొందర లేకుండా చూశాడు.

"దేవుడు దీవించుగాక, నాయనా," అన్నాడు. "పద, ముందు ఆ ట్రైలర్ తలుపు తియ్యి. కారు తడుస్తోంది."